డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో ఫోకసింగ్ స్క్రీన్: కన్ను చూసేది, సెన్సర్ నమోదు చేసేది

1. ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- ఫోకసింగ్ స్క్రీన్ ఎక్కడ ఉంటుందో, ఏం చేస్తుందో వివరించగలుగుతారు.
- చేత్తో ఫోకస్ చేసేటప్పుడు స్క్రీన్ వల్ల వచ్చే దోషాలను గుర్తించగలుగుతారు.
- మీ కెమెరా స్క్రీన్‌ను మీరే పరీక్షించుకోగలుగుతారు.

2. పరిచయం

కొన్నేళ్ళ క్రితం మా గురువుగారి 80వ పుట్టినరోజు సభలో ఆయన ఫొటో ఒకటి తీశాను. 50 మి.మీ. లెన్స్, ఎఫ్/1.4 ఎపర్చర్, సుమారు 1.5 మీటర్ల దూరం. పాత లెన్స్ కనుక రింగును చేత్తో తిప్పి, వ్యూఫైండర్‌లో కళ్ళు స్పష్టంగా కనిపించాకే బటన్ నొక్కాను. ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో చూస్తే చెవి మీది వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. కళ్ళు మాత్రం మసక. ఆ సభ మళ్ళీ జరగదు. నా చేతిలోనే లోపం ఉందని చాలాకాలం అనుకున్నాను. లోపం నేను నమ్మిన తెరలో ఉంది. ఈ పాఠం ఆ తెర గురించే.

3. స్క్రీన్ స్థానం, పని

లెన్స్ నుంచి వచ్చిన కాంతి 45 డిగ్రీల కోణంలో ఉన్న అద్దంపై పడి పైకి పరావర్తనం చెందుతుంది. అక్కడ గరుకు ఉపరితలం గల ఒక పలుచని పారదర్శక ఫలకంపై ప్రతిబింబం ఏర్పడుతుంది. ఇదే ఫోకసింగ్ స్క్రీన్. దానిపైన ఉన్న పెంటాప్రిజం ఆ ప్రతిబింబపు కుడి ఎడమలను సరిచేసి కంటికి చేరుస్తుంది. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, కాంతి నేరుగా సెన్సర్‌పై పడుతుంది.

అంటే మీరు చూసే ప్రతిబింబం ఒక తలం మీద, నమోదయ్యే ప్రతిబింబం మరొక తలం మీద ఏర్పడుతున్నాయి. రెండూ ఒకే విధంగా ఉండాలంటే, లెన్స్ బిగించే మౌంట్ నుంచి అద్దం మీదుగా స్క్రీన్‌కు ఉన్న దూరం, అదే మౌంట్ నుంచి సెన్సర్‌కు ఉన్న దూరంతో సమానం కావాలి. ఈ దూరం నికాన్ ఎఫ్ మౌంట్‌లో 46.5 మి.మీ., కేనన్ ఇఎఫ్ మౌంట్‌లో 44 మి.మీ.

ఆటోఫోకస్ ఈ స్క్రీన్ మీద ఆధారపడదు. అద్దం గుండా కొంత కాంతి కిందనున్న వేరే సెన్సర్‌కు వెళ్తుంది. కనుక ఆటోఫోకస్ చక్కగా పనిచేసే కెమెరాలో కూడా స్క్రీన్ తప్పు చూపవచ్చు.

4. స్క్రీన్ ఎందుకు తప్పు చూపుతుంది?

(అ) వెలుగు కోసం చేసిన రాజీ: నేటి కెమెరాలతో ఎక్కువమంది వాడేవి ఎఫ్/3.5 నుంచి 5.6 వరకు ఉండే జూమ్ లెన్సులు. వాటితో కూడా వ్యూఫైండర్ వెలుగుగా ఉండాలని స్క్రీన్ గరుకుదనాన్ని తగ్గించారు. గరుకు తగ్గితే కాంతి తక్కువగా చెదురుతుంది. అప్పుడు లెన్స్ అంచుల నుంచి ఏటవాలుగా వచ్చే కిరణాలు కంటికి చేరవు, మధ్యభాగం నుంచి వచ్చేవే చేరతాయి. ఫలితంగా లెన్స్ ఎఫ్/1.4 దగ్గర ఉన్నా, మీకు ఎఫ్/2.8కి దగ్గరగా ఉండే దృశ్యం కనిపిస్తుంది. 1.5 మీటర్ల దూరంలో 50 మి.మీ. లెన్స్‌తో స్పష్టంగా వచ్చే లోతు ఎఫ్/1.4 దగ్గర సుమారు 7 సెం.మీ. మాత్రమే. ఎఫ్/2.8 దగ్గర అది దాదాపు 15 సెం.మీ. కంటికి బాగున్నట్టు తోచినది ఫొటోలో మసకగా రావడానికి ఇది ఒక కారణం.

(ఆ) దూరంలో తేడా: స్క్రీన్ ఉండవలసిన చోటు కంటే 0.1 మి.మీ. దూరంగా ఉందనుకోండి. పై ఉదాహరణలో ఫోకస్ సుమారు 9 సెం.మీ. వెనక్కి పోతుంది. కంటికీ చెవికీ మధ్య దూరం ఇంచుమించు అంతే. స్క్రీన్ దగ్గరగా జరిగితే ఫోకస్ ముందుకు వస్తుంది. ఈ తేడాను సరిచేయడానికి షిమ్‌లు అనే అతి పలుచని రేకులు వాడతారు.

5. స్క్రీన్ రకాలు

- స్ప్లిట్ ఇమేజ్: మధ్యలో ఎదురెదురు వాలుతో రెండు చిన్న ప్రిజంలు ఉంటాయి. ఫోకస్ కుదరకపోతే నిలువు గీత రెండు ముక్కలై పక్కకు జరుగుతుంది, కుదిరితే కలిసిపోతుంది. ఎఫ్/5.6 కంటే చిన్న ఎపర్చర్ గల లెన్సులతో ఒక సగం నల్లబడుతుంది.
- మైక్రోప్రిజం: అతి చిన్న ప్రిజంల వలయం. ఫోకస్ తప్పినచోట దృశ్యం మిలమిలలాడుతుంది.
- సూక్ష్మ గరుకు స్క్రీన్: కాంతిని బాగా చెదరగొడుతుంది. వెలుగు తగ్గినా ఫోకస్ తేడా స్పష్టంగా తెలుస్తుంది. కేనన్ 5డి మార్క్ 2 కెమెరాకు ఉన్న ఇజి-ఎస్ ఈ రకానిది. ఎఫ్/2.8 లేదా అంతకంటే పెద్ద ఎపర్చర్ గల లెన్సులకు ఇది తగినది.

కాంతిని కొలిచే సెన్సర్ కూడా స్క్రీన్ మీది ప్రతిబింబాన్నే చూస్తుంది. అందుచేత స్క్రీన్ మార్చినప్పుడు, వీలున్న కెమెరాల్లో మెనూలో దాని రకాన్ని ఎంచుకోవాలి. లేకపోతే ఎక్స్‌పోజర్ తప్పవచ్చు. అన్ని కెమెరాల్లోనూ స్క్రీన్‌ను మనం మార్చుకోలేం. 5డి మార్క్ 3లో ఆ వీలు లేదు.

6. అభ్యాసం

ఎఫ్/1.4 లేదా ఎఫ్/1.8 లెన్స్, ట్రైపాడ్, ఒక స్కేలు తీసుకోండి.
1. కంటి దగ్గరి డయాప్టర్ చక్రాన్ని తిప్పి, స్క్రీన్ మీది గుర్తులు స్పష్టంగా కనిపించేలా చేయండి. ఇది సరిగా లేకపోతే మిగిలినవన్నీ వృథా.
2. ఎపర్చర్‌ను ఎఫ్/2 వద్ద ఉంచి డెప్త్ ప్రివ్యూ బటన్ నొక్కండి. వ్యూఫైండర్ వెలుగు మారకపోతే మీ స్క్రీన్ పై (అ)లో చెప్పిన రకం.
3. స్కేలును ఏటవాలుగా ఉంచి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, ఒక అంకెపై వ్యూఫైండర్ ద్వారా ఫోకస్ చేయండి. రింగు కదపకుండా లైవ్ వ్యూలో పెద్దది చేసి చూడండి. లైవ్ వ్యూ చూపేది సెన్సర్ మీది ప్రతిబింబాన్నే. ఇలా పదిసార్లు చేయండి. తప్పు ప్రతిసారీ ఒకేవైపు వస్తే దోషం స్క్రీన్ దూరానిది. అటూ ఇటూ వస్తే స్క్రీన్ గరుకుదనానిదో, మీ అలవాటుదో.

స్క్రీన్‌ను వేలితో తాకవద్దు, ద్రవాలతో తుడవవద్దు. మెత్తని ప్లాస్టిక్ కనుక గీతలు పడతాయి. దానిమీది దుమ్ము ఫొటోలో రాదు, చేతి బ్లోయర్‌తో ఊదితే చాలు.

7. సారాంశం

స్క్రీన్ సెన్సర్‌కు ప్రతినిధి మాత్రమే. దాని దూరం సరిపోయి, గరుకుదనం మీ లెన్స్‌కు తగినదైతేనే దాని మాట నమ్మవచ్చు. ముఖ్యమైన ఫొటోకు ముందే ఈ పరీక్ష చేసుకోండి, సభ ముగిశాక చేసి లాభం లేదు.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ముక్కు కొన స్పష్టంగా, కళ్ళు మసకగా ప్రతిసారీ వస్తుంటే స్క్రీన్ ఏవైపు జరిగి ఉండవచ్చు?
2. స్క్రీన్ గరుకుదనం తగ్గితే ఎఫ్/1.4 లెన్స్‌తో ఫోకస్ చేయడం ఎందుకు కష్టమవుతుంది?
3. ఆటోఫోకస్ సరిగా ఉన్నంతమాత్రాన స్క్రీన్ కూడా సరిగా ఉన్నట్టేనా? కారణం రాయండి.