ఎనిమిదో తరగతి చేతికొచ్చే 48 వేలు

బడి వార్షికోత్సవం ఏ ఊళ్లోనైనా ఒకే తీరుగా జరుగుతుంది. వేపచెట్టు కింద షామియానా, గీపెట్టే మైకు, ముఖాలకు పౌడరు అద్దుకున్న పిల్లల కోలాటం, సర్పంచి చేతుల మీదుగా స్టీలు గ్లాసులు, పెన్నులు. చివర్లో ప్రధానోపాధ్యాయుడు నివేదిక చదివే వేళకు జనం దుప్పట్లు దులుపుకుని లేస్తుంటారు. ఊరికి పనికివచ్చే మాట ఆ కాగితంలోనే ఉంటుంది. ‘ఈ సంవత్సరం మన పాఠశాల నుంచి ఇంతమంది ఎన్‌.ఎం.ఎం.ఎస్‌. ఉపకార వేతనానికి ఎంపికైనారు’ అనే ఆ ఒక్క వాక్యం ఖరీదు, పిల్ల ఒక్కింటికి నాలుగేళ్లలో 48 వేల రూపాయలు.

పేదింటి పిల్లలు ఎనిమిదో తరగతితో చదువు మానివేయకుండా చూడాలన్న ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వం 2008లో ఈ పథకాన్ని ప్రవేశపెట్టింది. మొదట నెలకు 500గా ఉన్న వేతనం 2017లో వెయ్యి రూపాయలైంది. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్‌ రెండో సంవత్సరం వరకు ఏడాదికి 12,000 చొప్పున విద్యార్థి బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. దేశం మొత్తానికి ఏటా లక్ష వేతనాలు కాగా, అందులో ఆంధ్రప్రదేశ్‌కు 4,087, తెలంగాణకు 2,921 కేటాయించారు. వీటిని మళ్లీ జిల్లాల వారీగా పంచుతారు. అంటే మన పిల్లలు పోటీ పడవలసింది మన జిల్లా పిల్లలతోనే.

ప్రైవేటు బడుల వారికి, నవోదయ, కేంద్రీయ విద్యాలయాల వారికి, ప్రభుత్వమే వసతి, భోజనం కల్పించే గురుకులాల వారికి ఇందులో ప్రవేశం లేదు. మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు, ప్రభుత్వ, పురపాలక, ఎయిడెడ్‌ బడులవారి సొత్తు ఇది. సర్కారు బడిలో ఏముందని ఎద్దేవా చేసే పెద్దమనుషులు ఈ సంగతి గమనించాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించరాదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం చాలు.

పరీక్షలో ప్రశ్నలు 180. సగం పాఠ్యపుస్తకాల నుంచి వస్తాయి: సామాన్య శాస్త్రం 35, సాంఘిక శాస్త్రం 35, గణితం 20. మిగిలిన 90 బుద్ధికి పదునుపెట్టే లెక్కలు. 2, 6, 12, 20 తరువాత ఏ అంకె రావాలి, నాలుగు బొమ్మల్లో వేరుగా ఉన్నదేది అనే మాదిరివి. ఇబ్బంది ఇక్కడే ఉంది. వీటికి బడిలో పాఠమూ లేదు, పీరియడూ లేదు. చివరి గంట కొట్టాక ఒక ఉపాధ్యాయుడు మరో గంట కూర్చుని, పాత ప్రశ్నపత్రాలు తన డబ్బుతో జిరాక్సు తీయించి చెబితేనే పిల్లలకు పట్టుబడుతుంది. ఎంపిక జాబితాలో ఒకే బడి పేరు ఏటా కనిపించిందంటే, అక్కడ అలాంటి మాస్టారో టీచరమ్మో ఉన్నట్లే లెక్క.

పరీక్ష సాధారణంగా శీతాకాలంలో వస్తుంది. పత్తి తీతలూ అప్పుడే. చురుకైన ఆడపిల్లలు కూలికి వెళ్లి వరుసగా బడి తప్పేదీ ఆ రోజుల్లోనే. పది రోజుల కూలి డబ్బులకు ఆశపడితే నాలుగేళ్ల డబ్బు చేజారవచ్చు.

కొన్ని బడులు మరో దారిలోనూ పేరు తెచ్చుకుంటున్నాయి. పిల్లల ఆలోచనతో చేసే నమూనాలకు ఇన్‌స్పైర్‌ పథకం కింద 10 వేల రూపాయలు వస్తున్నాయి. ఆటల్లో, పాటల్లో మండల స్థాయి దాటినవారికీ కొదవలేదు. అవి సంతోషించదగినవే, చప్పట్లూ వాటికే ఎక్కువ పడతాయి.

అసలు కష్టం ఎంపికైన తరువాత మొదలవుతుంది. ఆధార్‌ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బడి రికార్డులో పొడి అక్షరమే ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో మరో రకంగా ఉంటుంది. కంప్యూటరు ముగ్గురినీ వేర్వేరు మనుషులుగా లెక్కగడుతుంది. పుట్టిన తేదీలో ఒక్క అంకె తేడా ఉన్నా అంతే. పైగా జాతీయ స్కాలర్‌షిప్‌ పోర్టల్‌లో ఒకసారి నమోదు చేసి ఊరుకుంటే సరిపోదు. ఏటా గడువులోగా పునరుద్ధరించుకోవాలి. దానిని బడిలోనూ, జిల్లా విద్యాశాఖలోనూ సరిచూసి ఆమోదించాలి. పరీక్ష గెలిచిన పిల్లకు ఒక అక్షరం కారణంగా డబ్బు ఆగిపోవడం కంటే అన్యాయం మరొకటి లేదు. ఏడో తరగతిలో ఉండగానే ఈ మూడు కాగితాలను పక్కపక్కన పెట్టి చూసుకోవడం తల్లిదండ్రుల పని.

పదో తరగతిలో 60 శాతం తెచ్చుకుంటేనే ఇంటర్‌లో వేతనం కొనసాగుతుంది. ఎస్సీ, ఎస్టీలకు 55 శాతం. చేరవలసింది కూడా ప్రభుత్వ లేదా ఎయిడెడ్‌ కళాశాలలోనే. ఫలితాలు రాగానే పట్నం నుంచి ప్రైవేటు కళాశాలల మనుషులు మోటారు సైకిళ్ల మీద ఊళ్లలోకి దిగుతారు. అరుగు మీద కూర్చుని రాయితీల గురించి చాలాసేపు చెబుతారు. తమ దగ్గర చేరితే మిగిలిన రెండేళ్ల 24 వేలు పోతాయన్న మాట మాత్రం వారు చెప్పరు, అడిగేవారూ ఉండరు.