లినక్స్ కంప్యూటరులో వినిపించని ధ్వని: మౌఖిక సాహిత్య పరిశోధకుల దృష్టితో ఒక పరిశీలన

కీలక పదాలు: లినక్స్, ఆల్సా, సౌండ్ కార్డు, క్షేత్రపరిశోధన, మౌఖిక సాహిత్యం.

క్షేత్రపర్యటనలో సేకరించిన ఒగ్గుకథ, బుర్రకథ రికార్డులను లినక్స్ కంప్యూటరులో తెరిచినప్పుడు ధ్వని రాకపోతే, ఫైలే చెడిపోయిందని పరిశోధకులు భావించడం సహజం. ఆ అనుమానంతో మూలప్రతిని తొలగించడం గాని, ఎంపీ3 వంటి రూపాల్లోకి మార్చి దానినే భద్రపరచడం గాని తిరిగి పూరించలేని నష్టం. లోపం తరచుగా ఫైలులో కాక, ధ్వని నడిచే మార్గంలో ఉంటుంది.

ఆ మార్గంలో అట్టడుగున ఉండేది ఆల్సా. 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నల్‌లో ఇది పాత ఓఎస్ఎస్ స్థానంలో ప్రామాణిక ధ్వనివ్యవస్థ అయింది. దానిపైన పల్స్‌ఆడియో లేదా పైప్‌వైర్ అనే ధ్వని సర్వరు, ఆపైన వినియోగదారుడు తెరిచే ప్లేయరు ఉంటాయి. పరిశీలన కిందినుంచి పైకి సాగాలి. ప్లేయర్లను మార్చి మార్చి చూడడం వల్ల కాలహరణమే తప్ప ఫలితం స్వల్పం.

'ఏప్లే -ఎల్' ఆదేశం కార్డుల జాబితాను చూపుతుంది. అందులో కార్డు కనిపించకపోయినా '/ప్రాక్/అసౌండ్/కార్డ్స్' ఫైలులో కనిపిస్తే, కెర్నల్ దానిని గుర్తించిందనీ, వినియోగదారునికి అనుమతి లేదనీ ఊహించవచ్చు. రెండింటిలోనూ లేకపోతే డ్రైవరు సమస్యను శోధించాలి.

కార్డు ఉండీ ధ్వని లేనప్పుడు ఆల్సామిక్సర్‌ను తెరవాలి. ఛానెల్ అడుగున 'ఎంఎం' అని ఉంటే అది మూగబోయి ఉన్నట్లు. 'ఎం' మీట నొక్కితే తెరుచుకుంటుంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. మొదట కనిపించే మాస్టర్ పట్టీ ధ్వని సర్వరుది మాత్రమే కావచ్చు. ఎఫ్6 నొక్కి అసలు కార్డును ఎంచుకుంటేనే స్పీకర్, హెడ్‌ఫోన్, పీసీఎం పట్టీలు విడివిడిగా బయటపడతాయి. ధ్వని హెచ్‌డీఎంఐ ద్వారా స్పీకర్లు లేని మానిటరుకు పోతుండడం మరొక సాధారణ కారణం.

ధ్వని వినిపించినంత మాత్రాన పరిశీలన ముగియదు. సెకనుకు 44,100 నమూనాలతో రికార్డయిన ముడి ఫైలును 48,000గా పొరపాటున వినిపిస్తే, పది నిమిషాల పాట సుమారు 9 నిమిషాల 11 సెకన్లలోనే ముగుస్తుంది. శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానాలు పెరుగుతుంది. గాయకుని శ్రుతిని, కథాగమన వేగాన్ని సిద్ధాంతగ్రంథంలో నమోదు చేసేవారికి నిశ్శబ్దం కంటే ఇదే ప్రమాదకరం, ఎందుకంటే ఇది లోపంగా చెవికి తోచదు. అందువల్ల రికార్డరు చూపిన నిడివినీ కంప్యూటరులో పట్టిన నిడివినీ పోల్చిన తరువాతే లిప్యంతరీకరణ మొదలుపెట్టాలి.