జ్వాలాపురం బూడిద కింద ఎవరు?

నంద్యాల జిల్లా జుర్రేరు లోయలోని జ్వాలాపురంలో నేల తవ్వితే తెల్లటి బూడిద బయటపడుతుంది. కొన్నిచోట్ల దాని మందం రెండున్నర మీటర్లు. దాదాపు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు వచ్చిపడిన బూడిద అది.

ఆ పొరకు కిందా పైనా దొరికిన రాతి పనిముట్లు ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నాయి. ఆధునిక మానవులు పేలుడుకు ముందే ఇక్కడికి చేరి, ఆ విపత్తును తట్టుకుని ఉంటారని మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ బృందం 2007లో వాదించింది. పాల్ మెల్లార్స్ తదితరులు 2013లో దీన్ని కాదన్నారు. జన్యు ఆధారాలను బట్టి ఆధునికుల రాక 60 వేల ఏళ్లకు ఇవతలేనని, ఆ పనిముట్లు అంతకుముందటి మానవులవని వారి వాదన.

ఆ పనిముట్లతోపాటు మానవ అస్థికలు దొరకకపోవడంతో వాటిని చెక్కింది ఎవరో తేలలేదు. మానవ పరిణామం జరిగిందన్న విషయంలో ఇరుపక్షాలకూ భేదం లేదు. వివాదమంతా వలస కాలం గురించే.