మరణించిన వారి ముఖం మన దగ్గర అమానతు

వరంగల్ మండీబజార్‌లోనో, కాజీపేట దర్గా ప్రాంతంలోనో ఒక ఇంట మరణం సంభవిస్తే మసీదు మైకులో ప్రకటన రావటం మనకు తెలిసిన పద్ధతి. ఇప్పుడు ఆ ప్రకటనకన్నా ముందే సెల్‌ఫోన్‌లోకి ఫోటో వస్తోంది. కఫన్‌లో ఉన్న ముఖం, చుట్టూ రోదిస్తున్న ఆడవాళ్లు వాట్సప్ స్టేటస్‌కు ఎక్కుతున్నారు. గల్ఫ్‌లో పనిచేసే కొడుక్కి తండ్రి పోయిన సంగతి ఇంటివాళ్లు చెప్పకముందే పరాయివారి స్టేటస్ ద్వారా తెలిసిపోవచ్చు. దీన్ని ధర్మం ఎలా చూస్తుంది?

మరణవార్త తెలియజేయటంలో తప్పు లేదు. అబిసీనియా రాజు నజాషీ మరణించిన రోజునే దైవప్రవక్త (స) ఆ వార్త సహచరులకు తెలిపి, జనాజా నమాజు చేయించారు. ఆప్తుల ముఖం చివరిసారి చూసుకోవటమూ తప్పు కాదు. ప్రవక్త (స) ఇహలోకం వీడినప్పుడు హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆయన ముఖంపై వస్త్రం తొలగించి, ముద్దాడి విలపించారు. ఉహుద్‌లో అమరుడైన తండ్రి ముఖం మాటిమాటికీ చూస్తూ ఏడ్చిన హజ్రత్ జాబిర్ (రజి)ను జనం వారించినా ప్రవక్త (స) వారించలేదు.

అయితే చూసుకోవటం వేరు, నలుగురికీ చూపించటం వేరు. మృతదేహానికి గుసుల్ చేయించినవారు తాము చూసిన లోపాన్ని దాచితే అల్లాహ్ వారిని 40 సార్లు మన్నిస్తాడని హదీసు తెలుపుతోంది. వ్యాధితో చిక్కిపోయిన ముఖాన్ని ఊరంతటికీ పంపటం ఈ బోధనకు విరుద్ధం కాదా? జీవితమంతా పర్దా పాటించిన తల్లి ఇప్పుడు వద్దని చెప్పలేదు. ఆమె తరఫున ఆ మాట బిడ్డలే చెప్పాలి.

బ్రతికుండగా తీసిన ఫోటోల విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. దేవ్‌బంద్ పండితులు అవసరానికి తప్ప ఫోటో తగదంటారు. కెమెరా ఫోటో నీడను పట్టి నిలపటమేనంటూ ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ బఖీత్ అనుమతించారు. కాని సజ్జనుల జ్ఞాపకార్థం నిలిపిన ప్రతిమలే నూహ్ (అలై) జాతిలో కాలక్రమేణా ఆరాధ్యాలయ్యాయన్న హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వివరణను ఎవరూ కాదనరు. ఫోటోకు దండవేసి ఏటేటా వర్ధంతి జరపటం మన పద్ధతి కాదు.

అవసరం మాట వేరు. 2015 సెప్టెంబరు 24న మినాలో తొక్కిసలాట జరిగినప్పుడు సౌదీ అధికారులు 1,090 మంది మృతుల ఫోటోలు విడుదల చేసినట్టు అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ తెలిపారు. తమవారిని గుర్తుపట్టటానికి ఆ ఫోటోలు కావలసివచ్చాయి. అలాగే, రాలేని కొడుక్కి కడసారి చూపుగా ఒక ఫోటో విడిగా పంపటాన్ని స్టేటస్‌లో పెట్టటంతో సమానం చేయలేము.

కాబట్టి మన సందేశంలో మృతుని పేరు, జనాజా నమాజు వేళ, మసీదు, ఖబరస్తాన్ వివరాలు రాద్దాం. మరో వాక్యం కూడా చేరుద్దాం: "వారు ఎవరికైనా బాకీ ఉంటే వారసులను కలవండి." 3 దీనార్ల అప్పు మిగిల్చి పోయిన వ్యక్తికి జనాజా నమాజు చేయించటానికి ప్రవక్త (స) ముందుకు రాలేదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తాను తీరుస్తానన్న తరువాతే చేయించారు. మరణించినవారికి మన నుండి అందవలసినవి బాకీ తీర్చటం, సదఖా, దుఆ. వీటిలో దేనికీ ఫోటో అక్కరలేదు.

అల్లాహ్ మన మృతులను మన్నించుగాక. ఆమీన్.