పెట్టెలోని సిక్క రూపాయికి వెల ఎంత?
తెలియక కొందరు, ఆశపడి కొందరు నష్టపోతున్న వైనం

కేతేపల్లి: పొలాలు పంచుకున్నా, పాత ఇళ్లు కూలగొట్టి కొత్తవి కట్టుకున్నా కొన్ని కుటుంబాలలో ఒక చిన్న మూట మాత్రం చెక్కుచెదరక నిలిచి ఉంటుంది. ముసలమ్మ పెట్టె అడుగున, పాత చీర పేలికలో చుట్టి ఉంటుంది. విప్పితే చార్మినారు బొమ్మ ఉన్న వెండి రూపాయలు, రాజు తల ఉన్న రూపాయలు, నడుమ చిల్లు ఉన్న పైసలు బయటపడతాయి. ఆడపిల్ల పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో ఆ మూట విప్పవలసి వచ్చిన నాడు ఇంటిల్లిపాదికీ ఒకటే ప్రశ్న ఎదురవుతుంది. వీటి వెల ఎంత?

హైదరాబాదు-విజయవాడ రహదారి మీద, మూసీ ప్రాజెక్టుకు చేరువలో ఉన్న ఈ మండలం నిజాం రాజ్యంలో భాగం. అందువల్ల ఇక్కడి ఇళ్లలో నిజాం నాణేలు ఉండడం వింత కాదు. ఆ రోజులలో చెలామణి అయిన హాలీ సిక్క వేరు, బ్రిటిషు ఇండియా రూపాయి వేరు. ఆరు బ్రిటిషు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు లెక్క. పోలీసు చర్య తరువాత కూడా కొన్నేళ్లు హాలీ సిక్క నడిచి, 1959తో పూర్తిగా రద్దయింది. చెలామణి పోయినా వెండి పోలేదు. ఆ వెండి మీదనే మొదటి బేరం నడుస్తున్నది.

తూకంలో మొదటి నష్టం

పాత నాణేనికి రెండు ధరలు ఉంటాయి. ఒకటి లోహం ధర, రెండవది సేకరణదారులు ఇచ్చే ధర. మొదటిది ఎవరికి వారే లెక్క కట్టుకోవచ్చు.

నిజాం నాటి చార్మినారు రూపాయి బరువు 11.178 గ్రాములు. అందులో నూటికి 81.8 పాళ్లు వెండి, అంటే రూపాయికి సుమారు 9 గ్రాముల స్వచ్ఛమైన వెండి. నలభై రూపాయలు ఉన్న కుటుంబం చేతిలో సుమారు 365 గ్రాముల వెండి ఉన్నట్లు. బ్రిటిషు రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో నూటికి 91.7 పాళ్లు వెండి. అయితే 1940 నుంచి బ్రిటిషు రూపాయిలో వెండి సగానికి తగ్గింది. 1947 నాటి రూపాయి నికెలుదే, అందులో వెండి లేదు. నాణెం మీద సంవత్సరం చూడకుండా బేరానికి దిగరాదు.

ఇక్కడ ఇంకొక చిక్కు ఉన్నది. పూర్వం రూపాయి ఎత్తు అంటే తులం. ఆ తులం 11.66 గ్రాములు. ఇప్పుడు అంగళ్లలో తులం అంటే 10 గ్రాములు. పాత అలవాటు కొద్దీ రూపాయికి తులం చొప్పున లెక్క ఒప్పుకుంటే ఒక్కొక్క బ్రిటిషు రూపాయి మీద గ్రామున్నరకు పైగా పోతుంది. కాబట్టి గ్రాములలోనే తూకం వేయించాలి. ఆనాటి వెండి ధర పత్రికలో చూసుకుని పోవాలి. లోహం ధర కంటే తక్కువకు ఏ నాణేన్నీ ఇవ్వనవసరం లేదు.

పాతదైతే చాలదు

రెండవ ధర వయసును బట్టి కాదు, అరుదును బట్టి, నాణెం ఉన్న స్థితిని బట్టి, కోరేవారిని బట్టి వస్తుంది. రెండు వేల సంవత్సరాల నాటి నాణెం చవకగా దొరకవచ్చు. ఎనభై ఏళ్ల నాటిది లక్షలు పలకవచ్చు. 1911లో అయిదవ జార్జి రూపాయి మీద రాజు ధరించిన హారంలోని ఏనుగు బొమ్మ పందిలా ఉన్నదని జనం ఆక్షేపించారు. ప్రభుత్వం వాటిని వెనక్కు తీసుకుని చాలా భాగం కరిగించింది. మిగిలినవి కొద్ది కావడంతో ఆ సంవత్సరం నాణేనికి గిరాకీ ఏర్పడింది. 1939 నాటి రూపాయి కూడా ఇలాగే అరుదు. మరుసటి సంవత్సరాల రూపాయలు మాత్రం విస్తారంగా దొరుకుతాయి.

చార్మినారు రూపాయిని చదవడం కష్టం కాదు. నడిమి ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. 'మీమ్' ఉంటే ఆరవ నిజాం మహబూబు అలీ ఖాన్ కాలానిది, 'ఐన్' ఉంటే ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. 1911లో ఆయన గద్దె ఎక్కారు. సంవత్సరం హిజ్రీ లెక్కలో ఉంటుంది. ఊరిలో ఉర్దూ చదివిన పెద్దలు ఉంటే క్షణంలో చెప్పేస్తారు.

చేతులారా చెడగొట్టుకోవడం

అమ్మబోయే ముందు నాణేలను చింతపండుతో, బూడిదతో తోమి తళతళలాడించడం మన ఇళ్లలో అలవాటు. ఇది పెద్ద పొరపాటు. ఏళ్ల తరబడి పట్టిన పొరను సేకరణదారులు నాణేనికి రక్షణగా, అసలుతనానికి గుర్తుగా చూస్తారు. తోమిన నాణేనికి గీతలు పడతాయి, ధర పడిపోతుంది. గొలుసులో గుచ్చడానికి కొక్కెం అతికించినా, చిల్లు పొడిచినా అంతే. మట్టి అంటితే మంచినీటిలో కడిగి మెత్తని గుడ్డపై ఆరబెడితే చాలు.

నకిలీల బెడద కూడా తక్కువ కాదు. ఒక వైపు రామపట్టాభిషేకం, మరొక వైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం ఉన్న రాగి బిళ్లలు చాలామంది దేవుని గూటిలో ఉన్నాయి. కంపెనీ అటువంటి నాణేలు వేయలేదు. అవి తరువాతి కాలంలో భక్తులకు అమ్మడానికి చేసిన బిళ్లలు. పూజకు పనికివస్తాయి గాని లక్షలు రావు.

ఫోనులో లక్షాధికారులు

ట్రాక్టరు బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటుకు లక్షలు ఇస్తామని, వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణేనికి ఇంకా ఎక్కువ ఇస్తామని ఫోనులలో ప్రకటనలు వస్తున్నాయి. ఆ నాణేలు 2012లో విడుదలైనవి, ఇప్పటికీ చెల్లుతున్నవే. ఆశపడి ఫోను చేసిన వారిని ముందుగా రిజిస్ట్రేషను రుసుము, తరువాత పన్ను, ఆ తరువాత కమీషను అని విడతలుగా అడుగుతారు. సొమ్ము చేరగానే ఫోను మూగబోతుంది. రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని ఇలా వసూళ్లు చేస్తున్నారని, తాము అటువంటి వ్యవహారాలు చేయమని, ఎవరికీ అధికారం ఇవ్వలేదని ఆ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. కొనేవాడు డబ్బు ఇస్తాడే గాని అడగడు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు.

రైస్ పుల్లింగు అనేది ఇంకొక వల. పిడుగు పడిన రాగి చెంబుకో, పాత బిళ్లకో బియ్యపు గింజలను లాగే శక్తి వచ్చిందని, విదేశీ సంస్థలు కోట్లు ఇస్తాయని నమ్మిస్తారు. గింజలలో ఇనుప రజను పెట్టి, పాత్రలో అయస్కాంతం దాచి చూపే గారడీ ఇది. పరీక్షల ఖర్చు పేరుతో పొలాలు అమ్మించిన ముఠాలు తెలంగాణలో పలుమార్లు పోలీసులకు పట్టుబడ్డాయి.

మట్టిలో దొరికితే?

ఇంట్లో వారసత్వంగా వచ్చింది వేరు, దున్నుతుంటే దొరికింది వేరు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ మించిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. దాస్తే వాటా పోవడమే గాక జైలు శిక్ష కూడా ఉన్నది. హక్కుదారు ఎవరూ లేకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికిన వానికి మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. ప్రభుత్వమే తీసుకుంటే లోహం విలువకు అయిదవ వంతు కలిపి చెల్లిస్తుంది. వెయ్యి రూపాయల లోహానికి పన్నెండు వందలన్న మాట. 1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేలు, విగ్రహాలు పురావస్తువులు. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం.

దాచకుండా చెప్పడం వల్ల ఏమి లాభమని అడిగేవారికి ఈ నేలే సమాధానం. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో పదిహేను వందలకు పైగా రోమను వెండి నాణేలు దొరికాయి. ఈ ప్రాంతానికి రోము సామ్రాజ్యపు ధనం చేరిందని అవి చాటాయి. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి తవ్వకాలలో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. ఇక్ష్వాకుల కాలానివి, ఒకవైపు ఏనుగు గుర్తు. తూకానికి అమ్మితే సీసం ఎంత పలుకుతుంది? చరిత్రకు మాత్రం అవి వెల కట్టలేనివి. పాత సామాను కొనేవాని చేతికి చిక్కి ఉంటే కరిగిపోయేవే.

ఎవరిని అడగాలి

వస్తువు ఏ కాలానిదో తెలుసుకోవడానికి రాష్ట్ర వారసత్వ శాఖ ఉన్నది. నల్లగొండ పక్కన పానగల్లులో మ్యూజియం ఉన్నది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర మ్యూజియంలో విస్తారమైన నాణేల సేకరణ ఉన్నది. అమ్మదలచుకుంటే కనీసం ఇద్దరు ముగ్గురు వ్యాపారులకు చూపాలి. లైసెన్సు ఉన్న వేలం సంస్థలలో అటువంటి నాణెం ఎంతకు అడిగారన్నది కాదు, ఎంతకు అమ్ముడుపోయిందన్నది చూడాలి.

అయితే మారుమూల పల్లె నుంచి ఒక ముసలమ్మ నాలుగు రూపాయలు పట్టుకుని హైదరాబాదు దాకా పోగలదా? వారసత్వ శాఖ వారు ఏడాదికి ఒకసారైనా మండల కేంద్రంలో శిబిరం పెట్టి, తెచ్చిన వస్తువులు చూసి వాటి కాలం, లోహం చెప్పి పంపితే ఎందరో మోసపోకుండా ఉంటారు. మట్టిలో దొరికినవి కూడా భయం లేకుండా బయటకు వస్తాయి. అంతవరకు పెట్టెలోని మూట పెట్టెలో ఉండడమే క్షేమం. అవసరం తొందరపెట్టినా, ఒక్కరోజు ఆగి తూకం వేయించి, సంవత్సరం చదివించుకుని అమ్మితే ఆ ముసలమ్మ దాచిన దానికి న్యాయం జరుగుతుంది.