పాత కంప్యూటరుకు అంతర్జాలం అందకపోతే...

సరిహద్దు జిల్లాలవారికి కంప్యూటరు విడిభాగాలు అనగానే బెంగళూరు చిక్కపేట సమీపంలోని ఎస్.పి. రోడ్డు గుర్తుకు వస్తుంది. అయితే ఇంటిలోని పాత కంప్యూటరుకు అంతర్జాలం అందనంత మాత్రాన బస్సెక్కి అక్కడికి వెళ్ళనవసరం లేదు. లోపం ఎక్కడున్నదో ముందుగా తేల్చుకుంటే చాలాసార్లు ఖర్చు తప్పుతుంది.

అదే రౌటరుతో ఇంటిలోని ఫోను పనిచేస్తున్నదా చూడండి. ఫోనుకూ అందకపోతే లోపం రౌటరులోనో, సేవాసంస్థ లైనులోనో ఉన్నట్టు. ఫోనుకు అందుతుంటే ఈ కింది పరీక్షలు వరుసగా చేయాలి.

తీగ: కంప్యూటరు వెనుక కేబులు గుచ్చిన చోట చిన్న దీపం వెలగాలి. వెలగకపోతే రౌటరులో మరొక పోర్టుకు మార్చి, ఆపై వేరొక కేబులుతో పరీక్షించాలి. అప్పటికీ వెలగకపోతేనే నెట్‌వర్క్ కార్డును అనుమానించాలి.

వైఫై: పాత కార్డులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాన్ని మాత్రమే గ్రహిస్తాయి. రౌటరు 5 గిగాహెర్ట్జ్ మీదనే ఉంటే దాని పేరే కనబడదు. రౌటరు భద్రతను డబ్ల్యు.పి.ఎ.3కి పరిమితం చేసినా అవి కలవలేవు, డబ్ల్యు.పి.ఎ.2ను కూడా అనుమతించాలి. పాస్‌వర్డు మాత్రం తొలగించరాదు.

చిరునామా: విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఐపీకాన్ఫిగ్’ ఆదేశం ఇవ్వండి. కనబడే సంఖ్య 169.254తో మొదలైతే రౌటరు నుండి చిరునామా రాలేదనీ, కంప్యూటరు తనకు తానే ఒకటి కల్పించుకున్నదనీ అర్థం. రౌటరును ఆపి, నిమిషం తరువాత వేసి, కంప్యూటరును మళ్ళీ ప్రారంభించాలి.

పేరు: 8.8.8.8కు ‘పింగ్’ చేస్తే జవాబు వచ్చి, వెబ్‌సైట్లు మాత్రం తెరచుకోకపోతే, పేర్లను సంఖ్యలుగా మార్చే డి.ఎన్.ఎస్. అమరికను సరిచేయాలి.

తేదీ: పలువురు గమనించని లోపమిది. మదర్‌బోర్డుపై రూపాయి బిళ్ళవంటి సి.ఆర్.2032 బ్యాటరీ అయిపోతే, కంప్యూటరు ఆపినప్పుడల్లా తేదీ వెనుకటి సంవత్సరాలకు పోతుంది. సురక్షిత వెబ్‌సైట్ల ధ్రువపత్రాలకు గడువు తేదీలుంటాయి కనుక, తేదీ తప్పయితే బ్రౌజరు వాటిని నిరాకరిస్తుంది. బ్యాటరీ మార్చి తేదీ దిద్దితే సరిపోతుంది.

కార్డే చెడినదని తేలితే, కొనబోయే ముందు మదర్‌బోర్డు స్లాటు పి.సి.ఐ.నా, పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్సా అన్నది వ్రాసుకొని వెళ్ళండి. మీ విండోస్‌కు తగిన డ్రైవరు ఉన్నదో లేదో దుకాణంలోనే అడగండి.

చివరగా ఒక హెచ్చరిక. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. అంతర్జాలం తిరిగి అందినంత మాత్రాన ఆ కంప్యూటరు సురక్షితమైనట్టు కాదు. బ్యాంకు లావాదేవీలు దానిలో చేయరాదు. పాత యంత్రానికి తేలికపాటి లినక్స్ వేసుకోవడం మేలైన మార్గం.