మీకు తెలుసా? ప్రపంచ చాంపియన్ అయినా మల్లీశ్వరికి అట్లాంటా లేదు

కరణం మల్లీశ్వరి 1994లోనూ 1995లోనూ 54 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్. అయినా 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆమె పేరు కనిపించదు. కారణం ఒక్కటే: అక్కడ మహిళల వెయిట్‌లిఫ్టింగ్ పోటీయే పెట్టలేదు! మగవాళ్లు 1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్‌లోనే బరువులెత్తారు. ఆడవాళ్లకు ఆ అవకాశం రావడానికి 2000 సిడ్నీ ఒలింపిక్స్ దాకా, అంటే 104 ఏళ్లు పట్టింది. 1987 నుంచే మహిళలకు ప్రపంచ పోటీలు జరుగుతున్నా ఇంత ఆలస్యం.

సిడ్నీలో పోటీ పెట్టారో లేదో, మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు పతకం పట్టేసింది. 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. స్వర్ణం, రజతం గెలిచిన చైనా, హంగరీ లిఫ్టర్లు ఎత్తింది చెరో 242.5. తేడా రెండున్నర కిలోలే! కాంస్యంతో సరిపెట్టుకోకుండా ఆఖరి ప్రయత్నానికి 137.5 కిలోలు పెట్టించుకుంది. అది లేస్తే స్వర్ణమే. లేవలేదు. అయినా ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. ఆ కాంస్యం తలచుకున్నప్పుడల్లా గర్వంతో పాటు, అట్లాంటాలో అసలు జరగని ఆ పోటీ గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

సమాన అవకాశమంటే అన్నీ ఒకే కొలతలో ఉండాలని కాదు. వెయిట్‌లిఫ్టింగ్‌లో మహిళలు ఎత్తే బార్ బరువు 15 కిలోలు, మందం 25 మిల్లీమీటర్లు. పురుషులది 20 కిలోలు, 28 మిల్లీమీటర్లు. చిన్న చేతికి పట్టు కుదరాలి కదా.

ఆలస్యం విషయంలో బాక్సింగ్‌దీ ఇదే కథ. పురుషులకు 1904లోనే చోటిచ్చిన ఒలింపిక్స్, మహిళలను 2012 లండన్‌లో గానీ రింగులోకి రానివ్వలేదు. అప్పటికే మన బాక్సర్ మేరీ కోమ్ ఐదుసార్లు ప్రపంచ చాంపియన్. పురుషులకు పది బరువు విభాగాలుంటే మహిళలకు మూడే. తాను అలవాటు పడిన 48 కిలోల విభాగం లేకపోవడంతో 51 కిలోలకు మారి, తనకన్నా భారీగా ఉన్నవాళ్లతో తలపడి కాంస్యం గెలిచింది. అంటే మహిళలకు పోటీ పెట్టిన మొదటిసారే, రెండు ఆటల్లోనూ మన అమ్మాయిలకు పతకాలు!

2024 పారిస్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో పురుషులకూ మహిళలకూ చెరో ఐదు విభాగాలయ్యాయి. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ బరిలో దిగిన బాక్సింగ్‌లో మాత్రం పురుషులకు ఏడు, మహిళలకు ఆరు. 2028 లాస్ ఏంజెలెస్‌కు ఆ ఒక్కటీ కలిపి ఏడుకు ఏడు చేశారు.